ఇరవై నాలుగో వీధి బొమ్మల టూర్: డబ్బుకు న్యాయం జరిగింది, కాళ్ళకే జరగలేదు

ముందే చెప్పేస్తున్నా, టూర్ బాగుంది, వెళ్ళండి. నచ్చని సంగతులూ ఉన్నాయి, అవి కూడా రాస్తాను. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడల్లా గోల్డెన్ గేట్ వంతెన, పియర్ 39లో సీ లయన్లు, లొంబార్డ్ వీధి మెలికలు, చివర్లో లివర్‌మోర్ గుడి, ఇదే తిరుగుడు తిరిగి తిరిగి విసుగెత్తిన బే ఏరియా తెలుగువాళ్ళ కోసం ఈ రివ్యూ. శాన్ ఫ్రాన్సిస్కోలో మిషన్ అని ఒక పేట ఉంది. మెక్సికో నుంచి, ఆ కింద ఉన్న ఎల్ సాల్వడోర్, గ్వాటెమాలా, నికరాగువాల నుంచి వచ్చినవాళ్ళ పేట. అందులో ఇరవై నాలుగో వీధి పొడుగునా గోడల మీద, షట్టర్ల మీద, గ్యారేజీ తలుపుల మీద బొమ్మలే బొమ్మలు. వాటిని కాలినడకన తిప్పి చూపించే టూర్లున్నాయి, మేం వెళ్ళింది అలాంటి ఒకదానికి, నేనూ మా బావమరిదీ.

మా గైడ్ సొంతంగా టూర్లు నడుపుకునే మనిషి, పేరు నెట్‌లో పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు. పేరున్న సంస్థే కావాలంటే ప్రెసీటా ఐస్ ఉంది. 1977లో సూసన్ సర్వాంటెస్, ఆవిడ భర్త లూయిస్ కలిసి మొదలుపెట్టారు, సెంటర్ ఇదే వీధిలో ఉంది, ఆ చుట్టుపక్కల బొమ్మల్లో చాలావాటి వెనక వాళ్ళ చెయ్యి ఉంటుంది, వాళ్ళూ టూర్లు నడుపుతారు. ఎవరితో వెళ్ళినా దారి దాదాపు ఒకటే, ఎందుకంటే వీధి ఒకటే.

మొదటి బొమ్మ బార్ట్, అంటే బే ఏరియా లోకల్ రైలు, స్టేషన్ మెట్లెక్కి పైకొస్తే అక్కడే ఉంటుంది. మైకేల్ రియోస్ అనే చిత్రకారుడు ఇంకొందరితో కలిసి 1975లో వేసింది. అందులో బార్ట్ రైలు పట్టాలను మనుషులు భుజాల మీద, వీపుల మీద మోస్తుంటారు, ఒళ్ళు వంగిపోయి, మెడలు కుంగిపోయి. ఆ రైలు దిగే మనం పైకొచ్చాం కదా, కొంచెం ఎలాగో ఉంటుంది. బార్ట్ కోసం మిషన్ వీధిని ఏళ్ళ తరబడి తవ్విపోశారట, చిన్న చిన్న దుకాణాలు దెబ్బతిన్నాయట, స్టేషన్ వస్తే అద్దెలు పెరిగి మమ్మల్ని వెళ్ళగొడతారని ఇక్కడివాళ్ళు అప్పుడే గొడవ చేశారట. యాభై ఏళ్ళ తర్వాత అక్కడ నిలబడి వింటుంటే, వాళ్ళ భయం ఎంత నిజమైందో ఎదురుగా కనిపిస్తున్న అపార్ట్‌మెంట్లే చెప్తున్నాయి.

ఇక్కడే మొదటి ఫిర్యాదు. గైడ్‌కి మైకు లేదు. బస్సులు, అంబులెన్సులు, స్పీకర్ పెట్టుకుని యేసు గురించి చెప్పే పాస్టర్ గారు, ఇంత రొద మధ్య ఆవిడ గొంతు ముందు వరుసలో ఉన్నవాళ్ళకే వినపడింది. ఈ రోజుల్లో చెవిలో పెట్టుకునే చిన్న సెట్లు చాలా టూర్లలో ఇస్తున్నారు, ఇక్కడ అదేమీ లేదు. మీరు వెళ్తే సిగ్గుపడకుండా గైడ్ పక్కనే నిలబడండి.

అక్కడి నుంచి తూర్పుకి నడిస్తే బామీ అలీ వస్తుంది. ట్రీట్, హారిసన్ వీధుల మధ్య సన్నటి సందు, ఇళ్ళ వెనక గ్యారేజీలు తెరుచుకునే సందు. టూర్‌లో ఎక్కువసేపు ఇక్కడే గడుస్తుంది, గడవాలి కూడా. 1972లో ఒకావిడ పేట పిల్లలతో కలిసి ఇక్కడ మొదటి బొమ్మ వేయించింది. ఆ తర్వాత ఏడాదికల్లా పట్రీసియా రోడ్రిగెస్, గ్రాసియేలా కరియో అనే ఇద్దరు చిత్రకారిణులు వచ్చి వేశారు. వీళ్ళే తర్వాత ముఖేరెస్ మురాలిస్తాస్ అని ఆడవాళ్ళ బృందం కట్టారు. నిచ్చెనలెక్కి అంతంత గోడలు ఆడవాళ్ళేం వేస్తారులే అని అప్పట్లో చాలామంది అనుకునేవారట, పరంజాలు వాళ్ళే కట్టుకుని, వాళ్ళే ఎక్కి వేసి చూపించారు.

1984లో అసలు కథ. అమెరికాలో రీగన్ ప్రభుత్వం నికరాగువాలో కాంట్రాలనే తిరుగుబాటు దళాలకు, ఎల్ సాల్వడోర్‌లో సైన్యానికి డబ్బు, ఆయుధాలు ఇస్తున్న రోజులు. ఆ యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు ఈ పేటలోనే దిగారు. రే పట్లాన్ ముందు నిలబడి, ప్లాకా అనే పేరుతో చిత్రకారులందర్నీ పోగేసి, సందు మొత్తం మీద 27 బొమ్మలు వేయించాడు. అన్నిటికీ విషయం ఒక్కటే, మా పన్నులతో మా చుట్టాల ఊళ్ళ మీద యుద్ధం చెయ్యొద్దు. ప్రెస్ మీట్ పెట్టడానికి, టీవీలో యాడ్ ఇవ్వడానికి డబ్బుల్లేని వాళ్ళకి రంగులు దొరికాయి, గోడ ఇచ్చే ఇంటివాళ్ళు దొరికారు. ఆ 27లో ఇప్పుడు మిగిలినవి కొన్నే. ఎండకి పెచ్చులూడి, ఇల్లు అమ్మేస్తే కొన్నవాళ్ళు సున్నం వేసేసి, చాలా పోయాయి. మిగిలినవాటిలో మిరాండా బెర్గ్‌మన్, ఓబ్రయన్ థీల్ వేసిన పెద్ద బొమ్మ ఒకటి తప్పకుండా చూడాలి, 2014లో మళ్ళీ బాగుచేశారు. ఒకవైపు కనిపించకుండా పోయిన పిల్లల ఫోటోలు పట్టుకుని తల్లులు, ఇంకోవైపు మొక్కజొన్న పంట, పిల్లలు, వెలుగు. మా బావమరిది ఫోన్ పైకెత్తి సెల్ఫీకి యాంగిల్ చూసుకుంటున్నవాడు ఆ తల్లుల వైపు ఒకసారి చూసి ఫోన్ జేబులో పెట్టేశాడు. నేనేమీ అనలేదు, వాడే పెట్టేశాడు.

కానీ సందులో సెల్ఫీల జనం ఎక్కువ, వీకెండ్ మధ్యాహ్నం వెళ్తే మరీ. అది ఇళ్ళ మధ్య సందు అన్న సంగతి మర్చిపోయి ఎవరి గ్యారేజీ ముందో బైఠాయించేవాళ్ళున్నారు. ఒకాయన కారు బయటికి తీయడానికి హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయాడు.

ఇక్కడ కాస్త తిండి సంగతి. ఫ్లోరిడా వీధి మూలన లా పాల్మా మెక్సికటెస్సెన్ అని ఒక పాత కొట్టు ఉంది, 1953 నుంచీ. మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి, కడిగి, రుబ్బి చేసిన పిండి అమ్ముతారు, ఆ పిండిని ఆడవాళ్ళు చేత్తో తట్టి పెనం మీద కాలుస్తుంటారు. మన జొన్నరొట్టె చేసే చప్పుడే, కళ్ళు మూసుకుంటే మహబూబ్‌నగర్. ఆ సున్నపు నీళ్ళ వల్లే మొక్కజొన్నలో ఉన్న విటమిన్ ఒంటికి పడుతుంది, పిండి ముద్ద కూడా అందుకే విడిపోకుండా అతుక్కుంటుంది. వేల ఏళ్ళ కిందట మెక్సికో, గ్వాటెమాలా వైపు జనం కనిపెట్టిన పద్ధతి ఇది. యూరప్‌వాళ్ళు మొక్కజొన్న పట్టుకెళ్ళారు గానీ ఈ పద్ధతి వదిలేసి వెళ్ళారు, దాంతో తర్వాత ఇటలీలో బీదవాళ్ళు ఆ విటమిన్ అందక వచ్చే పెలాగ్రా జబ్బుతో చచ్చారు. వేడి వేడి టోర్టిల్లాలు ఒక ప్యాకెట్ కొనుక్కుని నడుస్తూనే సగం తినేశాం. సూపర్ మార్కెట్లో దొరికే అట్టముక్కల్ని ఆ పేరుతో పిలవడం మానేశాను.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఆ వీధిలోనే ఇంకోచోట, పేరొద్దులెండి, వెజిటేరియన్ బరిటో అడిగితే ఓ అన్నారు, తీరా ఆరా తీస్తే బీన్స్‌లో పంది కొవ్వు, అన్నం చికెన్ నీళ్ళతో వండింది. వాళ్ళ లెక్కలో మాంసం ముక్క లేకపోతే వెజిటేరియనే. కాబట్టి బీన్స్‌లో మాంతేకా (పంది కొవ్వు) ఉందా, అన్నంలో పోయో (కోడి) ఉందా అని ఆ రెండు మాటలూ స్పానిష్‌లోనే అడగండి, సూటిగా చెప్తారు. నొపాలెస్ టాకో అడిగితే సేఫ్, అది మన నాగజెముడే, ముళ్ళు తీసి కాలుస్తారు, కొంచెం బెండకాయ జిగురు ఉంటుంది. తాగడానికి ఎర్రగా హమైకా అని ఇస్తారు, అది ఎర్ర గోంగూర కాయల మీద ఉండే పొరలతో కాచిన షర్బత్, పులుపు నాలుక్కి తగలగానే తెలిసిపోతుంది. మాంసం తినేవాళ్ళకి దిగుల్లేదు, వాళ్ళ గురించి రాయను.

మళ్ళీ గోడలకి వద్దాం. బ్రయంట్ వీధి మూలన గైడ్ ఒక భవనం చూపించి, ఇక్కడ గలేరియా దె లా రాసా ఉండేది అన్నారు. 1970లో పుట్టిన కళాకేంద్రం, 1972 నుంచి ఆ మూలనే ఉండేది. ఇప్పుడు ఆఫీసుల్లో, బళ్ళలో, కాస్ట్‌కో షెల్ఫుల్లో కూడా కనిపించే డియా దె లాస్ మ్యుయెర్టోస్, అంటే చనిపోయినవాళ్ళ పండగ, ఈ ఊళ్ళో అందరూ కలిసి చేసుకునే పండగగా మారింది వీళ్ళ చేతుల మీదుగానే. ఆ ఏడాదే, 1972లో, రెనే యాన్యెస్, రాల్ఫ్ మరడియాగా ఆ పేరుతో మొదటి ప్రదర్శన పెట్టారు. ఏటా నవంబరు 2 రాత్రి ఈ వీధుల్లో ఊరేగింపు జరుగుతుంది, ముఖాలకు పుర్రె రంగులు, కొవ్వొత్తులు, బంతిపూలు. బంతి పుట్టిల్లు మెక్సికోనే, అక్కడి నుంచే ప్రపంచమంతా తిరిగి మన బతుకమ్మలోకి, మన గుమ్మాల తోరణాల్లోకి వచ్చింది. పీఠాల మీద తాతమ్మల ఫోటోలు, వాళ్ళకి ఇష్టమైన తిండి పెడతారు, మన పెద్దల పండగలో పెట్టినట్టే. ఆ ఫోటోల పక్కనే ఎయిడ్స్‌తో పోయినవాళ్ళవి, సరిహద్దు ఎడారిలో దాహంతో పోయినవాళ్ళవి, పోలీసు కాల్పుల్లో పోయినవాళ్ళవి కూడా పెడతారు. పండగకి ఇలాంటివి ఎందుకండీ అని అక్కడ ఎవరూ అడగరు. పోయినవాళ్ళని తలుచుకునే రోజున, ఎలా పోయారో మాట్లాడకపోతే ఇంకెప్పుడు మాట్లాడతారు?

ఆ గలేరియా 2018లో అద్దె రెట్టింపు చేయడంతో ఆ మూల ఖాళీ చేసింది. ఇక్కడే టూర్‌లో మనకి ఇబ్బందికరమైన భాగం మొదలవుతుంది, నా మటుకు టికెట్ డబ్బులు ఇక్కడే వసూలయ్యాయి. గైడ్ మా బావమరిదిని ఎక్కడ పని చేస్తావు బాబూ అని అడిగింది. వాడు కంపెనీ పేరు చెప్పాడు. ఆవిడ నవ్వి, "ఆహా, తెల్లబస్సు కంపెనీ" అంది. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం నడిపే బస్సులవి. 2013 డిసెంబరు 9న ఇక్కడికి కొన్ని బ్లాకుల దూరంలో, వాలెన్సియా వీధి మూలన, గూగుల్ ఉద్యోగుల బస్సుని పేటవాళ్ళు అడ్డంగా నిలబడి ఆపారు. సిటీ బస్సుల స్టాపుల్ని కంపెనీలు ఉత్తపుణ్యానికి వాడుకుంటున్నాయి, ఆ స్టాపుల చుట్టుపక్కల అద్దెలు పెరిగి మేం ఊరొదిలి పోతున్నాం, దీనికి డబ్బు కట్టండి అని. ఆ తర్వాత 2014లో నగరం ఒక్కో స్టాపుకి, బస్సు ఆగిన ప్రతిసారీ మొదట 1 డాలరు రేటు పెట్టింది. అవును, ఒక్క డాలరు. ఆవిడ ఆ మాట చెప్తూ వేలు ఒకటే చూపించింది, కోపంగా ఏమీ కాదు, అప్పటికి మాతో బాగా చనువుగా ఉంది.

బావమరిది కాస్త ముడుచుకుపోయాడు. "మనమేం చేశాం బావా, మనమూ అద్దెలే కడుతున్నాం కదా" అన్నాడు తెలుగులో. నిజమే. ఆవిడకి అనువదించి చెప్తే, మీ మీద కాదు, మీరూ వలస వచ్చినవాళ్ళే, కాకపోతే మీకు వీసా ఇచ్చిన చట్టం వేరు, మావాళ్ళకి ఇవ్వని చట్టం వేరు అంది. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో గ్రీన్ కార్డు క్యూ గురించి ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో కాగితాల్లేని మెక్సికన్ల మీద విసుర్లు వేసేవాళ్ళని చూస్తుంటాను, వాళ్ళలో ఇద్దరు ముగ్గురిని ఈ టూర్‌కి నా ఖర్చుతో పంపాలని ఉంది.

అలాగని ఊరికే ఓడిపోయి ఏడుస్తూ కూర్చున్న పేట కాదు. 2014లోనే ఈ వీధి చుట్టుపక్కల ప్రాంతాన్ని నగరం చేత లాటినో సాంస్కృతిక ప్రాంతంగా గుర్తింపజేసుకున్నారు. కాయే 24 అంటారు. రెండు మూడు చిన్న కొట్లు కలిపేసి ఒక పెద్ద షోరూమ్ చేయకుండా రూల్స్ వచ్చాయి. 16వ వీధి బార్ట్ దగ్గర ఖరీదైన అపార్ట్‌మెంట్ల ప్రాజెక్టు ఒకటి వస్తుంటే దానికి రాక్షసి అని పేరు పెట్టి, ఏళ్ళ తరబడి మీటింగులకి వెళ్ళి వెళ్ళి, 2020లో అది వెనక్కి పోయేదాకా వదల్లేదు. మీటింగులకి వెళ్ళడం అంటే ఏంటో ఆవిడ చెప్పింది. పని మానుకుని, పిల్లల్ని వెంటేసుకుని, సిటీ హాల్లో మైకు దగ్గర వంతు కోసం గంటలు నిలబడి, రెండంటే రెండు నిమిషాలు మాట్లాడి, మళ్ళీ బస్సెక్కి ఇంటికి రావడం.

చివరి బొమ్మ యార్క్ వీధి మూలన. ఇంత దూరం నడిపించినందుకు గైడ్‌ని అంతవరకు ఎన్ని తిట్టుకున్నా ఇక్కడికి రాగానే క్షమించేస్తారు. హువానా అలీసియా అనే చిత్రకారిణి వేసింది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు సలీనాస్ వైపు లెట్యూస్ పొలాల్లో కూలికి వెళ్ళింది, కడుపుతో ఉన్నప్పుడు పురుగుమందు ఒంటి మీద పడింది. 1983లో ఇదే గోడ మీద ఆ లెట్యూస్ కూలి ఆడవాళ్ళనే వేసింది. గోడ పాడైపోయి ఆ బొమ్మ పోయాక, 2004లో కొత్తది వేసింది, ఇదంతా నీలం. పిల్లల్ని పోగొట్టుకుని నీళ్ళ ఒడ్డున ఏడుస్తూ తిరిగే లా యొరోనా అనే మెక్సికో కథలోని ఆడమనిషి మధ్యలో ఉంటుంది. ఆవిడ చుట్టూ, నీటి కోసం, మనుషుల కోసం పోరాడిన ఆడవాళ్ళు. బొలీవియాలో కొచబాంబా జనం ఉన్నారు, 2000లో వాళ్ళ నీళ్ళ సరఫరా ప్రైవేటు చేతికి పోతే వీధుల్లోకి వచ్చి ఒప్పందం రద్దు చేయించినవాళ్ళు. ఆ ప్రైవేటు వెనక ఉన్న బెక్టెల్ కంపెనీ అప్పట్లో ఈ శాన్ ఫ్రాన్సిస్కోదే. హువారెస్‌లో హత్యలకు గురైన అమ్మాయిల తల్లులున్నారు. ఇంకోపక్క, నీళ్ళలో నిలబడి, మనవాళ్ళు.

నిజంగా మనవాళ్ళే. నర్మదా లోయలో డ్యాముల కింద ఊళ్ళు మునిగిపోతుంటే కదలమని నీళ్ళలోనే నిలబడిన రైతు ఆడవాళ్ళు. అమెరికాలో ఒక మెక్సికన్ పేటలో, ఒక చికానా, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్, చిత్రకారిణి గోడ మీద. మా బావమరిది వాళ్ళది దేవీపట్నం దగ్గర, పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక గోదారి వరద వెనక్కి తన్ని వాళ్ళ మేనత్త ఇల్లు మునిగింది. వాడు ఆ గోడ ముందు గైడ్‌కి పోలవరం గురించి చెప్పడం మొదలెట్టాడు, మ్యాప్ తీసి మరీ. అంతవరకు ఆవిడ చెప్పడం, మేం వినడం. ఇప్పుడు ఆవిడ ప్రశ్నలు వేస్తోంది, వీడు జవాబు చెప్తున్నాడు, టూర్‌లో ఉన్న మిగతావాళ్ళు చుట్టూ చేరి వింటున్నారు. నష్టపరిహారం ఎంత ఇచ్చారు, కొత్త ఊరు ఎక్కడ కట్టారు, అక్కడ పొలం ఉందా, ఇలాంటివి. టూర్ టైము దాటిపోయింది, ఎవరూ వాచీ చూసుకోలేదు.

ఇక మిగతా చిల్లర సంగతులు. సింకో దె మాయో, అంటే మే 5, మెక్సికో స్వాతంత్ర్య దినం కాదని, అది 1862లో ప్యూబ్లా దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రోజని, స్వాతంత్ర్యం సెప్టెంబరు 16న అని గైడ్ అందరికీ ఒకసారి క్లాసు పీకింది, ఆఫీసుల్లో పేపర్ టోపీలు పెట్టుకుని టాకోలు తినేవాళ్ళ కోసం. లోరైడర్ కార్లు, అంటే నేలకి ఆనేంత కిందికి దించి, గెంతేలా చేసిన పాత షెవర్లేలు, ఆ రోజు మిషన్ వీధిలో రెండు మూడు కనిపించాయి. కాలిఫోర్నియాలో చాలా ఊళ్ళలో ఇలా నెమ్మదిగా తిరగడం మీద నిషేధాలుండేవి, లోరైడర్ క్లబ్బులు పట్టుబట్టి పోరాడితే 2024 జనవరి నుంచి రాష్ట్రమంతా ఎత్తేశారు. దీని గురించి ఇంకా చెప్తే బాగుండేది, ఆవిడ అయిదు నిమిషాల్లో తేల్చేసింది. షాపుల సంగతి కూడా అంతే, కాగితపు తోరణాలు కొనుక్కుందామంటే ఆగనివ్వలేదు, కావాలంటే టూర్ అయ్యాక మీరే వెనక్కి నడవాలి.

రేటు ఇద్దరికీ కలిపి ఒక మామూలు రెస్టారెంటు భోజనమంత, టిప్ వేరే, టిప్ ఇవ్వండి. దూరం మైలు లోపే గానీ ఆగి ఆగి నిలబడటం వల్ల నడుము పట్టేస్తుంది. మధ్యలో కూర్చునే చోటు లేదు, బాత్రూమ్ లేదు, ఏ కేఫ్‌లోనో ఏదైనా కొనుక్కుని వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పూర్తి టూర్‌కి తీసుకెళ్ళకండి, వాళ్ళకి బామీ అలీ, లా పాల్మా, యార్క్ మూల, ఈ మూడూ మీరే కారులో చూపించండి. మిగతావాళ్ళు కారు జోలికే వెళ్ళొద్దు, పార్కింగ్ దొరకదు, దొరికినా కారులో బ్యాగు వదిలితే అద్దం ఉండదు. ఫ్రీమాంట్ వైపు నుంచి బార్ట్ నేరుగా వస్తుంది, సన్నీవేల్ నుంచైతే కాల్‌ట్రెయిన్‌లో మిల్‌బ్రే దాకా వచ్చి మారండి. అయిదుకి నాలుగు స్టార్లు, ఆ ఒక్కటీ మైకు కొన్న రోజున ఇస్తాను.